నెలకెంతొస్తదే ఉయ్యాలో

మా చిన్నత్తను గుండె పరీక్షకు దవాఖానకు తీస్కపోయిన. ఛాతీ మీద వైర్లు అంటించి, "కదలొద్దమ్మా, మాట్లాడొద్దు" అని చెప్పి డాక్టర్ మిషన్ ఆన్ చేసిండు. మా అత్త కదలలే. పండుకున్నకాడనే కండ్లు మాత్రం అటు తిప్పి, "నీకు నెలకెంతొస్తది బిడ్డా?" అని అడిగింది. డాక్టర్ పిల్లగాడు పరేషాన్. మిషన్ల గీతలు ఎగిరి పడ్డయి. "గింత సదువు సదివినవు, మంచిగ ఇస్తున్నరా లేదా అని" అన్నది అత్త మల్ల. పరీక్ష మొదటి సంది చేయాల్సి వచ్చింది. నేను బయటికొచ్చి గోడకు మొఖం పెట్టి నవ్వితే, నర్సమ్మ నేను ఏడుస్తున్ననుకొని మంచినీళ్లు తెచ్చిచ్చింది.

చిన్నత్త అంటే మా నాయిన చెల్లె. నాంపల్లి స్టేషన్ ఎన్క మా గల్లీలనే ఉంటది. నేను పుట్టింది గూడ గీ గల్లీలనే, లగ్గమైనంక కిరాయికి దిగింది గూడ గీ గల్లీలనే, కాబట్టి మా అత్త నోటికి నేనెన్నడు దూరం కాలే. ఆమెకు డెబ్బై దాటినయి. ఒక చెవు సక్కగ వినపడది, అందుకని మనకు గూడ వినపడదన్నట్టు గట్టిగ మాట్లాడుతది. ఆటో ఎక్కితే ఆటోఆయనను అడుగుతది. సిలిండర్ మోసుకొచ్చినాయనను అడుగుతది. గుడిల హారతి కండ్లకద్దుకుంట అయ్యగారిని అడుగుతది. ఒకపారి అబిడ్స్ చౌరస్తల ట్రాఫిక్ పోలీసాయన మమ్ముల రోడ్డు దాటిస్తుంటే, నడి రోడ్డు మీద ఆగి అడిగింది. బస్సులన్ని హారన్లు కొడ్తున్నయి, ఆయన లేపిన చెయ్యి లేపినట్టే ఉన్నది, ఈమె "చెప్తే ఏమైతది బిడ్డా" అంటున్నది. ఆయన పాపం చెప్పిండు. చెప్పినంకనే రోడ్డు దాటినం.

ఇంకో ముచ్చట. విన్నది విన్నట్టు కడుపుల పెట్టుకుంటది తప్ప, ఒకరి జీతం ఇంకొకరికి చెప్పంగ ఎన్నడు వినలే. అప్పు అడగది, సాయం అడగది. "మంచిగున్నది బిడ్డా, సల్లగుండు" అంటది, తెల్లారేసరికి మర్చిపోతది. గంతదానికి ఎందుకడుగుతదో మా ఇంట్ల ఎవ్వరికి సమజ్ కాలే. అలవాటనుకున్నం.

ఇగ నా సంగతి. చానా ఏండ్లు ఒక ప్రైవేట్ బడిల డ్రాయింగ్ టీచర్‌గ చేసిన. రెండేండ్ల కింద నౌకరి ఇడిచిపెట్టి, అబిడ్స్‌ల పెద్ద పోస్టాఫీసు పక్క సందుల ఒక మల్గి కిరాయికి తీస్కొని, బుక్ బైండింగ్ దుకాణం పెట్టిన. మల్గి అంటే ఎంతుంటది, ఒక బల్ల, ఒక ప్రెస్సు, నేను. నాలుగో మనిషొస్తే మేమందరం పక్కకు తిరిగి నిలబడాలె. మా నాయిన బైండరే. జిగురు వాసన, కత్తిరించిన కాయితం వాసన నాకు చిన్నప్పటి సంది తెలిసినయే. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొన్నోళ్లు సోమవారం నా తానకు వస్తరు. అట్టలూడినయి, నడుములిరిగినయి, ఎలుకలు కొరికినయి తెచ్చి, "మేడమ్, బతుకుతదా?" అని అడుగుతరు. నాంపల్లి కోర్టు వకీళ్లు కాయితాల కట్టలు కుట్టించుకుంటరు. కాలేజి పిల్లలు ప్రాజెక్టులకు నల్లట్ట, బంగారు అక్షరాలు వేయించుకుంటరు. పొద్దంత నిలబడి పని చేసినా నాకు పాటలే వస్తయి నోట్లకు. గింత సంబురం నేను బడిల ఎన్నడు సూడలే.

నాకు సంబురమే గని, లోకానికి దురద మొదలైంది. బడిల ఉన్నన్ని రోజులు నన్ను ఒక్కరడగలే. టీచరమ్మ జీతం అందరికి తెలిసిందే, తెలిసి జాలిపడేటోళ్లు. దుకాణం పెట్టంగనే పాలాయన సంది పక్కింటామె దాంక అందరికి ఒక్కటే ప్రశ్న. అట్టలేస్తే పైసలొస్తయా? వస్తే ఎంతొస్తయి?

మావోళ్లు ముక్కుసూటిగ అడుగుతరు. "ఎంతొస్తదే?" గంతే, ఐపోయింది, కొట్టినట్టుంటది. మా ఆయనోళ్లు కోస్తావోళ్లు. ఆంధ్రప్రదేశ్ అయినప్పుడు తాత గుమస్తాగా వచ్చి ఇక్కడనే పాతుకపోయిన కుటుంబం. వాళ్లకు డబ్బు మాట సూటిగ నోటెంట రాదు. మా వదిన, అంటే మా ఆయన అక్క, ఖైరతాబాద్ నుంచి ఫోన్ చేసి, "ఏమ్మా, ఏదో గడుస్తోందా?" అంటది. "గడుస్తుంది వదినా" అంట. ఇగ సుట్టు తిప్పి అడుగుతది. "షాపుకి ఆటోలో వెళ్తున్నావా, బస్సులో వెళ్తున్నావా?" ఆటో అంటే ఒక లెక్క, బస్సంటే ఒక లెక్క, నాకు తెల్వదా! "ఒక్కోసారి నడుస్త వదినా, ఒంటికి మంచిది" అంట. పాపం లెక్క మొత్తం చెదిరిపోతది. మల్ల వారం దాంక సప్పుడుండది.

మిగిలినోళ్లకు ఎవరి జవాబు వాళ్లకుండేది. పాలాయనకు "నీ పాల పైసలు ఆగకుండ ఇచ్చేటంత" అన్న. దుకాణంకొచ్చిన ఒక పెద్దాయన పుస్తకం ఇచ్చుడు ఇడిచిపెట్టి నా లాభం లెక్క కడ్తుంటే, "సార్, మీ పెన్షనెంత?" అని నవ్వుకుంట అడిగిన. ఆయన అట్ట రంగు గురించి మాట్లాడుడు మొదలువెట్టిండు. పక్కింటామెకు "మా ఆయనకు గూడ చెప్పనంత" అన్న. ఆమెకు గది మస్తు నచ్చి, వాళ్ల ఆయనకు తన చీరల యాపారం లెక్క చెప్పుడు బంద్ చేసింది. ఆయన ఇప్పటికి నన్ను చూస్తే మొఖం తిప్పుకుంటడు.

నవ్వులాటకు చెప్తున్న గని, గీ చెప్పకపోవుడు మీదనే నా మల్గి నిలబడి ఉండె. మొన్నటి దసరాకు రెండు కత్తులు ఒక్కపారి నా మెడ మీదికొచ్చినయి.

ఒకటి మా ఓనరాంటీ. మా గల్లీ మొదట్ల పెద్దిల్లు వాళ్లదే, అబిడ్స్‌ల నా మల్గి వాళ్లదే. చిన్నత్త మాట చెప్పబట్టి నాకిచ్చిన్రు. కిరాయి కాయితం దసరా దాంకనే. "పండుగైనంక కూసొని మాట్లాడుకుందాం బిడ్డా, ఇప్పుడు అబిడ్స్‌ల కిరాయిలు మస్తు పెరిగినయి" అన్నది ఆంటీ. నా దుకాణం మంచిగ నడుస్తుందని ఆమెకు తెలిస్తే కిరాయి రెండింతలు చేస్తది. రెండింతలైతే నేను తాళం ఏసుకునుడే.

రెండోది మా వదిన. ఎరిగిన బడిల డ్రాయింగ్ టీచర్ నౌకరి ఖాళీ ఉన్నదని, దసరా సెలవులైనంక చేరొచ్చని పట్టుకొచ్చింది. మనిషి మంచిదే. నా మీద పావురంతోనే, ప్రేమకొద్ది చేస్తది. "పీఎఫ్ ఉంటుందమ్మా, నెల కాగానే చేతిలో పడుతుంది, ఈ జిగురులో ఎన్నాళ్లు చేతులు పెడతావు?" అంటది. దుకాణం పెట్టినప్పుడు నేను మా ఆయనకు రెండేండ్లు అడిగిన. నడవకపోతే మల్ల నౌకరికి పోత అన్న. గా రెండేండ్లు గూడ గా దసరాకే నిండుతయి. నా దుకాణంల ఏం రావట్లేదని వదిన అనుకుంటే, తమ్మునికి చెప్పి నన్ను బడికి తోలిస్తది. మా ఆయనేమో ఇద్దరి నడుమ కూసొని, "మీరిద్దరూ తేల్చుకోండి, నాకు చెప్పండి" అంటడు.

అర్థమైందా నా బతుకు? ఒకామెకు ఎక్కువొస్తదని తెల్వొద్దు, ఇంకొకామెకు తక్కువొస్తదని తెల్వొద్దు. అందుకని ఓనరాంటీ ముందల ఏడుపు, వదిన ముందల నవ్వు. ఆంటీ వచ్చే రోజు వెలిసిన కాటన్ చీర, మట్టి గాజులు. వదిన వచ్చే రోజు ఇస్త్రీ చీర, రెండు బంగారు గాజులు. ఏడాది పొడుగున గిట్లనే నడిపిన. ఒక్కటే షర్తు, ఇద్దరు ఒక్క జాగల కలవొద్దు.

కలిసిన్రు. సద్దుల బతుకమ్మకు ముందటి ఆదివారం, ఫుట్‌పాత్ నిండ పుస్తకాలు, సందు నిండ జనం, వదిన నా దుకాణంల ఉన్న ఒక్క స్టూలు మీద కూసొని చాయ్ తాగుతున్నది. నేను బంగారు గాజులు గలగలలాడించుకుంట, "ఊపిరి సలపట్లేదు వదినా" అని కోస్తా భాషల గూడ ప్రయత్నం చేస్తున్న. తల లేపి చూస్తే గుమ్మంల ఓనరాంటీ! చేతిల పుస్తకాల సంచి, "ఇట్లనే పోతుంటి, ఒకపారి చూసి పోదామని" అంటున్నది.

 గాజులు తీసే టైం లేదు. కాళ్లకాడ మైదపిండి జిగురు బకెట్ ఉన్నది. మోచేతుల దాంక రెండు చేతులు అండ్ల ముంచిన.

"గిరాకి ఎట్లున్నది బిడ్డా?" అన్నది ఆంటీ. వదిన గూడ చాయ్ కప్పు దించి నా దిక్కు వంగింది. మంచిగున్నదంటే అటు కొంప మునిగె, లేదంటే ఇటు మునిగె. నేను గిరగిర కలుపుకుంట, "మాట్లాడియ్యకుండ్రి ఆంటీ, జిగురు ఉండలు కడ్తది" అన్న. ఇద్దరు నిజంగ నోరు మూసుకున్నరు! చేతులు కట్టుకొని, చిన్న పిల్ల పండుకున్న ఇంట్ల కూసున్నట్టు, జిగురు దిక్కే చూసుకుంట ఉన్నరు. నవ్వు ఆపుకోలేక నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. జిగురు ఘాటు అని చెప్పిన. మైదపిండికి ఘాటెక్కడిది? గది గూడ నమ్మిన్రు.

కాని మాట్లాడొద్దంటే ఆడోళ్లు బయటికి పోయి మాట్లాడుకుంటరు కద. ఇద్దరు కలిసి సందుల నిలబడి పరిచయం చేసుకున్నరు. పోయేటప్పుడు ఆంటీ వదినను, "సద్దుల బతుకమ్మకు మా గల్లీకి రాండ్రమ్మా, మస్తుగ ఆడుతం" అని పిలిచింది. వదిన, "తప్పకుండా వస్తానండీ, నాకు భలే ఇష్టం" అన్నది. నేను సాయంత్రం దాంక గాజులు కడిగిన. ఒకదాని పువ్వు సందుల జిగురు ఇప్పటికి ఉన్నది.

సద్దుల నాడు ఏం కట్టుకోవాలె? ఏడుపు చీరనా, నవ్వు చీరనా? మా ఆయన మంచం మీద కూసొని, "సగం సగం కట్టుకో" అన్నడు. దిండు తీసి కొట్టిన. ఆఖరుకు వెలిసిన చీర కట్టి, దాని మీద బంగారు గాజులేసుకొని పోయిన. ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకుంటరని.

గల్లీ నడుమ బతుకమ్మలు పెట్టిన్రు. తంగేడు, గునుగు, బంతి, ఒక్కో ఇంటిది ఒక్కో ఎత్తు. పండుగ రోజు డీజే బాక్సు మోగాలె గని, అది పొద్దుమూకకముందే పొగలు కక్కి ఊకున్నది. పెద్దోళ్లందరు ఖుష్ అయిన్రు. ఇగ నోటితోనే పాట. ఒకామె ఎత్తుకోవాలె, అందరు గుండ్రంగ తిరుగుకుంట, వంగి చప్పట్లు కొట్టుకుంట, ఆమె అన్న మాట మల్ల అనాలె, చివర ఉయ్యాలో. చిన్నప్పటి సంది మా ఒంట్లకే ఎక్కిపోయిన పని. చెవులు వింటయి, నోరు అంటది, నడుమ బుద్ధికి పనే లేదు.

నాకు కుడి దిక్కు ఓనరాంటీ, ఎడమ దిక్కు వదిన. ఎట్ల కుదిరిందో దేవునికెరుక. వదిన చప్పట్లు ఒక తాళం ముందు కొడ్తున్నది, ఆంటీ ఒక తాళం ఎన్క కొడ్తున్నది, నేను నడుమ నలుగుతున్న. నాకు ఎదురుంగ, పువ్వుల అవతల, చిన్నత్త.

పాట ఎత్తుకున్నామెకు గొంతెండి నీళ్ల బాటిల్ మూత తీసింది. అడుగులు ఆగలే, చప్పట్లు ఆగలే, పాట జాగ మాత్రం ఖాళీ ఉన్నది. సరిగ్గ గప్పుడే మా చిన్నత్తకు, పువ్వుల మీదికెళ్లి నా గాజులు కనపడ్డయి. తనకున్న గొంతు మొత్తం పెట్టి అడిగింది.

"నెలకెంతొస్తదే పిల్లా?"

వంగి చప్పట్లు కొడ్తున్న వాడకట్టు ఆడోళ్లందరు, ఒక్క గొంతుతోటి, మస్తు భక్తితోటి ఎత్తుకున్నరు.

"నెలకెంతొస్తదే పిల్లా ఉయ్యాలో! నెలకెంతొస్తదే పిల్లా ఉయ్యాలో!"

 అన్నంకగని ఏమన్నరో వాళ్లకు తెల్వలే. తెలిసినంక నవ్వు పుట్టింది గని చప్పట్లు ఆగితే కద! పాట నడుస్తున్నది, ప్రశ్న పడ్డది, జవాబు రావాలె, అందరి కండ్లు నా మీద. ఓనరాంటీ చెవు ఇటు, వదిన చెవు ఇటు. నేను గొంతు సవరించుకొని అందుకున్న.

"వచ్చింది వచ్చినట్టె ఉయ్యాలో, పోయింది పోయినట్టె ఉయ్యాలో."

అందరు అన్నరు. బతికిపోయిన అనుకున్న. అవతలికెళ్లి చిన్నత్త, "గది కాదు, సాఫ్ చెప్పు!" అని ఒర్లింది.

"గది కాదు సాఫ్ చెప్పు ఉయ్యాలో!" అని గల్లీ మొత్తం పాడింది. ఈపారి తెలిసే పాడిన్రు ముండలు! వదిన గూడ, డబ్బు మాట నోటెంట రానియ్యని మా వదిన, తల ఊపుకుంట, "సాఫ్ చెప్పు ఉయ్యాలో" అంటున్నది. ఏడాది సంది అడగలేకపోయింది పాటల దొరికిందామెకు.

నాకు తిక్క లేసింది. నవ్వొకదిక్కు, కోపమొకదిక్కు. రెండు కలిపి ఎత్తుకున్న.

"అందరినడిగేటి ఉయ్యాలో, మా అత్త సూడమ్మ ఉయ్యాలో! మాదంత అడిగితివి ఉయ్యాలో, నీకెంతొచ్చెనే ఉయ్యాలో!"

జనానికి మస్తు మజా వచ్చింది. ఈలలేసిన్రు. "నీకెంతొచ్చెనే ఉయ్యాలో" అని చిన్నత్త దిక్కు చేతులు చాపి పాడిన్రు. చిన్నత్త నవ్వుకుంటనే అందుకోబోయింది. చేతులు చప్పట్లకు లేచినయి గని కలవలే. తర్వాత, గంత గట్టి గొంతు ఆమెది, నేనెన్నడు విననంత చిన్నగ పాడింది.

"ఫారాలు మడిచిన్న ఉయ్యాలో, ఏండ్లకేండ్లు మడిచిన్న ఉయ్యాలో. పైసలాయన చేతికి ఉయ్యాలో, ఎంతొచ్చెనో తెల్వది ఉయ్యాలో."

అలవాటున అందరు అన్నరు, "ఎంతొచ్చెనో తెల్వది ఉయ్యాలో" అని. మొదలు గట్టిగనే అన్నరు. ఆ మాట నోట్లకెళ్లి బయటికొచ్చినంక, గది తమ ముచ్చటే అని తెలిసి చిన్నగయిన్రు. ఎన్కకెళ్లి ఒక ముసలామె, "నాకు గూడ తెల్వది ఉయ్యాలో" అన్నది. ఇంకొకామె అందుకున్నది. ఎవ్వరు నవ్వలే.

నాకు గప్పుడు కండ్ల ముందలికొచ్చింది. మా నాయిన బైండింగ్ పనికి అచ్చయిన పెద్ద పెద్ద కాయితాలు చిన్నత్త ఇంటికి పోయేటియి. వాటినే ఫారాలంటరు. అరుగు నిండ పరుచుకొని, వెదురు బద్దతోటి గీసి మడిచేది. నేను పక్కన కూసొని చూసేదాన్ని. మడత తప్పకపోయేది. నెల కాంగనే మా నాయిన పైసలు తీస్కపోయి మామ చేతిల పెట్టేటోడు. గప్పట్ల గట్లనే. మా నాయిన చెప్పలే, మామ చెప్పలే, నీకెంతొస్తదే అని ఆమెను అడిగినోడు లేడు. జవాబు తెల్వని ప్రశ్న పట్టుకొని మా అత్త ఊరందరిని అడుక్కుంట తిరిగింది! 

ఇగ నాకు ఓనరాంటీ లేదు, వదిన లేదు. గింత అడిగినామెకు ఒక్క నిజం జవాబన్న చెప్పకపోతే నేనెందుకు? చేతులు పైకి లేపి, గొంతు చిరిగేటట్టు, నా దుకాణంల ఖర్చులు పోను నెలకు ఎంత మిగుల్తదో అణా పైసతోటి పాడిన. గల్లీ మొత్తం దాన్ని మల్ల పాడింది. పోతున్న ఆటోలు ఆగి విన్నయి.

ఎంత అని మీరు గూడ అడుగుతున్నరు కద? మీ మొఖాలు నాకు కనపడ్తనే ఉన్నయి. మీది చెప్పుండ్రి, నాది చెప్త.

పాటైనంక సద్ది పంచుకునేటప్పుడు ఇద్దరు నన్ను గోడకాడికి గుంజుకపోయిన్రు. పులిహోర ఇంక చేతిలనే ఉన్నది. ముందుగాల ఓనరాంటీ అన్నది. "గింతేనా బిడ్డా? నువ్వు ఎప్పుడు చూసినా ఏడుస్తుంటే, మస్తు సంపాదించి నాకు చెప్తలేవనుకున్న. మంచిగ లేనోళ్లు గంత ఏడ్వరు కద!"

వదిన నా గాజులు పట్టుకొని అన్నది. "అంత వస్తోందా! నువ్వేమో ఎప్పుడూ నవ్వుతూ ఉంటే, ఏమీ రాక కప్పిపుచ్చుకుంటున్నావనుకున్నానమ్మా. మొన్న గాజులు బకెట్లో పెట్టావు చూడు, తాకట్టులోంచి తెచ్చినవేమో, నాకు చూపించడానికి సిగ్గుపడుతున్నావేమో అని రాత్రంతా నిద్ర లేదు నాకు."

ఏడాది పొడుగున ఏడ్చి ఒకామెను, నవ్వి ఒకామెను మోసం చేసిన అనుకుంటే, ఇద్దరు నన్ను ఉల్టా చదువుకున్నరు! నా ఏడుపు చూసి కిరాయి పెంచాలనుకున్నది ఒకామె, నా నవ్వు చూసి బడికి తోలాలనుకున్నది ఇంకొకామె. నిజం చెప్పంగనే ఇద్దరు సల్లబడ్డరు. ఆంటీ ఎప్పటి లెక్క జరంత పెంచి కాయితం రాసిచ్చింది. వదిన బడోళ్లకు ఫోన్ చేసి, "మా మరదలికి తీరిక లేదండీ, సొంత షాపు" అని, నా ముందలనే, జర గొప్పగనే చెప్పింది. నేను గోడకు ఆనుకొని నవ్విన నవ్వుకు పొట్టల నరాలు పట్టుకున్నయి.

కార్తీకం ముందల ఒక గుడోళ్లు భజన పుస్తకాలు తెచ్చిన్రు. చిన్నయే గని చానా ఉన్నయి, అన్ని మడిచి కుట్టాలె. నేను చిన్నత్త ఇంటికి పోయి, "అత్తా, మడుస్తవా?" అని అడిగిన. "నా చేతులు మర్చిపోయుంటయి" అన్నది. మర్చిపోలే. తెల్లారి అబిడ్స్‌కు వచ్చి, మల్గిల ఉన్న ఒక్క స్టూలు ఆక్రమించి, మొదటి కాయితం మడిచి, అంచు మీద బొటనవేలు పెట్టి గీసి, నా దిక్కు చూసి కన్ను కొట్టింది. వచ్చిన ప్రతి వకీలును జీతమడిగింది గూడ. ఒకాయన ఫీజు చెప్తే, "గంతనా! నోరున్నోనిదే రాజ్యం" అన్నది. గాయన నాకు పర్మనెంట్ గిరాకి అయిండు.

నెల ఆఖరున అత్త చేతిల పైసలు పెట్టిన. ఎంతో నోటితోటి చెప్పి పెట్టిన. ఆమె లెక్కపెట్టలే. కొంగు చివర ముడేసుకొని, దాన్ని ఒకపారి గుంజి చూసుకున్నది.

ఇంటికి ఆటో ఎక్కినం. మామూలుగ అయితే ఆటో కదలకముందే అడుగుతది. పోస్టాఫీసు దాటినం, సప్పుడు లేదు. చౌరస్త దాటినం, సప్పుడు లేదు. సీటు అంచుకు కూసొని, ఆటోఆయన అద్దంల చూసుకుంట ఉన్నది.

"ఏందత్తా, పానం బాగలేదా?" అన్న.

"మంచిగనే ఉన్నది."

నాంపల్లి స్టేషన్ కనపడ్తుంటే, ఉండబట్టలేక మోచేతితోటి నన్ను పొడిచింది. "ఏందే, గీయన అడుగుతలేడు?"

"ఏం అడగాలె?"

కొంగు ముడి లేపి నాకు చూపించింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందల రానియ్యాల్నో తెల్వలే. ముందలికి వంగి, "అన్నా, జర మా అత్తను అడుగు, నెలకెంతొస్తదని" అన్న.

ఆయన అద్దంల మమ్ముల అనుమానంగ చూసిండు. "ఎందుకమ్మా, లొల్లి గిట్ల అయితదా?"

"ఏం గాదు, అడుగన్నా, నీకు పుణ్యముంటది."

ఆయన బండి జర నిమ్మలం చేసి, తల సగం తిప్పి, మర్యాదగనే అడిగిండు. "పెద్దమ్మా, నీకు నెలకెంతొస్తది?"

మా అత్త నడుము నిటారుగ చేసింది. కొంగు ముడి బొడ్డుల దోపుకున్నది. బయట పోయే బస్సుల దిక్కు చూసుకుంట, "గవన్ని నీకెందుకు బిడ్డా? ముందల చూసి నడుపు" అన్నది.

ఇల్లొచ్చేదాంక నవ్వుతనే ఉన్నది.